పిరుదులో నరం లాగుతుంటే వినకూడని సలహాలు

పరుగు మొదలుపెట్టాక రెండో కిలోమీటరులోనో మూడో కిలోమీటరులోనో ఒక పిరుదు లోపల ఎక్కడో పట్టేసినట్టు అవుతుంది. ఇంకాస్త ముందుకెళ్తే తొడ వెనక నుంచి పిక్క దాకా జివ్వున లాగుతుంది. ఆగితే తగ్గుతుంది. ఇంటికొచ్చి కుర్చీలో అరగంట కూర్చుంటే మళ్ళీ మొదలవుతుంది. లేచి నాలుగడుగులు వేస్తేగానీ కాలు స్వాధీనంలోకి రాదు. దీన్ని అందరం సయాటికా అని ఒక్క పేరుతో పిలిచేస్తాం.

ఈ నొప్పితో గ్రౌండ్‌కి వెళ్తే పది నిమిషాల్లో మొదటి సలహా దొరుకుతుంది. హైదరాబాదు కేబీఆర్ పార్కు చుట్టూ తిరిగే మారథాన్ బృందమైనా, విశాఖ ఆర్కే బీచ్ రోడ్డయినా, జిల్లా కేంద్రంలో తెల్లవారుజామున కానిస్టేబుల్ ఉద్యోగం కోసం పిల్లలు సాధన చేసే జూనియర్ కాలేజీ గ్రౌండయినా చెప్పే మాటలు ఇంచుమించు ఒకటే. వాటిలో ఎక్కువ భాగం తప్పు, కొన్నయితే హాని చేస్తాయి. చెప్పేవాళ్ళు ప్రేమతోనే చెబుతారు, అందుకే వినేవాళ్ళు కాదనలేరు. 2022 తెలంగాణ కానిస్టేబుల్ నోటిఫికేషన్లో పురుషులు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలన్నారు. ఆ కొద్ది నిమిషాల కోసం ఏళ్ళ తరబడి చదివి, ఊరొదిలి, గది అద్దెకు తీసుకుని సాధన చేసే పిల్లలకి తప్పుడు సలహా వల్ల పోయే మూడు నెలలు చిన్న నష్టం కాదు. ముఖ్యంగా వాళ్ళని దృష్టిలో పెట్టుకునే ఇది రాస్తున్నాను.

“బిగుసుకుపోయింది, బాగా సాగదీయి”

అన్నిటికన్నా ముందు వచ్చే సలహా ఇది. అన్నిటికన్నా ఎక్కువమందిని దెబ్బతీసేదీ ఇదే, కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. వెల్లకిలా పడుకుని మోకాలిని ఎదురు భుజం వైపు లాక్కోమంటారు. లేదా ఒక మడమని రెండో మోకాలి మీద పెట్టి, కాళ్ళు రెండూ గుండెలకి హత్తుకోమంటారు. నొప్పి వచ్చిందంటే “అదే, అక్కడే పట్టేసింది, ఇంకా లాగు” అంటారు.

పిరుదు లోపల పిరిఫార్మిస్ అనే చిన్న కండరం ఉంది. నడుము కింద, తోక ఎముకకి పైనుండే త్రికాస్థి ముందు వైపు నుంచి బయల్దేరి, అడ్డంగా సాగి, తొడ ఎముక పైభాగంలో పక్కకి చేతికి తగిలే గడ్డకి అంటుకుంటుంది. నడుము కింది పూసల నుంచీ త్రికాస్థి నుంచీ వచ్చే నరాల వేళ్ళన్నీ కలిసి సయాటిక్ నరమవుతాయి. ఒంట్లో అంత లావైన నరం మరొకటి లేదు. ఎక్కువమందిలో అది ఈ కండరానికి కిందుగా బయటికొచ్చి తొడ వెనక దిగుతుంది. భౌతికకాయాలను కోసి చూసిన అధ్యయనాలన్నీ కలిపి లెక్కేస్తే, నూటికి దాదాపు 17 కాళ్ళలో నరమో దాని పాయో కండరాన్ని చీల్చుకునో, పై నుంచో వస్తుంది. ఇలాంటి తేడా ఉన్నంత మాత్రాన నొప్పి రావాలని లేదు. ఈ నొప్పికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో కూడా ఆ తేడా ఇంచుమించు అదే శాతంలో కనిపించింది.

ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు తొడ లోపలికి తిరగకుండా, వాలకుండా పట్టుకోవడంలో పిరిఫార్మిస్‌కి వాటా ఉంది. అసలు బరువు మోయాల్సింది దాని చుట్టూ ఉన్న పెద్ద పిరుదు కండరాలు. నడకలో రెండు పాదాలూ నేల మీదుండే క్షణమొకటి ఉంటుంది. పరుగులో ఆ క్షణం లేదు, ప్రతి అడుగూ ఒంటికాలి మీద పడడమే. పెద్ద కండరాలు ఆ పని సరిగా చేయకపోతే అడుగు పడగానే రెండో వైపు నడుము కిందికి జారుతుంది, తొడ లోపలికి వాలుతుంది, మోకాలు లోపలికి తిరుగుతుంది. ఈ కదలికలన్నీ పిరిఫార్మిస్‌ని పొడవుగా లాగేవే. ఒక పక్క లాగబడుతూనే అది వాటిని ఆపడానికి పెనుగులాడుతుంది. నిమిషానికి 160 అడుగులు వేసేవాళ్ళయితే అరగంట పరుగులో ఒక్కో కాలికి 2,400 సార్లు ఇది జరుగుతుంది. అలసిన కండరం గట్టిపడుతుంది, ముట్టుకుంటే నొప్పెడుతుంది, పక్కనే ఉన్న నరాన్నీ చిరాకు పెడుతుంది. చేతికి గట్టిగా తగిలింది కాబట్టి కురచైపోయిందనుకుని మళ్ళీ లాగుతాం.

ఇది నేను అల్లిన కథ కాదు. అమెరికాలో జేసన్ టోన్లీ, క్రిస్టఫర్ పవర్స్, మరికొందరు ఫిజియోథెరపిస్టులు 2010లో ఒక రోగి వివరాలు ప్రచురించారు. 30 ఏళ్ళ మనిషి, రెండేళ్ళుగా పిరుదులోనూ తొడ వెనకా నొప్పి. మెట్టు దిగేటప్పుడు అతని తొడ లోపలికి బాగా వాలిపోతోందని వాళ్ళు కొలిచి చూశారు. సాగదీత మీద ఆధారపడకుండా పిరుదు కండరాలకి బలం, ఆ తర్వాత కదిలే తీరులో మార్పు నేర్పారు. దాదాపు మూడు నెలలకి తొడ వాలడం సగానికి పైగా తగ్గింది, నొప్పి పోయింది. ఒక్క మనిషి కథతో అందరికీ తీర్పు చెప్పలేమన్నది నిజమే. కానీ ఆ ఆలోచన శరీర నిర్మాణానికి సరిపోతుంది. ఒక సంగతి గమనించండి. ఈ నొప్పిని బయటికి రప్పించి చూడడానికి డాక్టర్లు తుంటిని మడిచి, తొడని లోపలి వైపు తెచ్చి, లోపలికి తిప్పుతారు. మోకాలిని ఎదురు భుజానికి లాక్కున్నప్పుడు దాదాపు అదే భంగిమ వస్తుంది. నొప్పి పుట్టించే పరీక్షని పూటకోసారి వైద్యంగా చేసుకోమని చెబుతున్నామన్నమాట.

సాగదీసినప్పుడు పావుగంట హాయిగా ఉండే మాట నిజమే. ఆ హాయిని నమ్మకండి, మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు ఎలా ఉందో అది నమ్మండి. నెమ్మదిగా సాగదీస్తే మర్నాటికి తేలికగా ఉందంటే మానక్కర్లేదు. కాల్లోకి తిమ్మిరి దిగితే మాత్రం ఆ రోజే మానేయండి.

మోకాళ్ళు వంచకుండా వంగి కాలివేళ్ళు అందుకోమనడం ఇంకా చెడ్డది. చిరాకు పడి ఉన్న నరాన్ని రెండు చివరలా పట్టి లాగడం అది. నరం సాగడానికి ఇష్టపడదు, జారడానికి ఇష్టపడుతుంది. పైజామా బొందుని ఒక చివర లాగుతూ రెండో చివర వదిలితే ఎలా జారుతుందో అలా జారనివ్వాలి. కుర్చీ అంచున నిటారుగా కూర్చోండి. నొప్పి ఉన్న కాలి మోకాలిని మెల్లగా చాపుతూ అదే సమయంలో తల పైకెత్తండి. మోకాలు మడుస్తూ గడ్డం కిందికి దించండి. తిమ్మిరి మొదలయ్యే చోటుకి కాస్త ముందే ఆగిపోవాలి. పది పదిహేనుసార్లు చాలు. చేతి నరం మీద జరిగిన కొలతల్లో ఇలా రెండు చివరలనీ కలిపి కదిపినప్పుడు నరం ఎక్కువ దూరం జారింది, దాని మీద లాగుడు తక్కువ పడింది.

“రోజుకి వంద క్లామ్‌షెల్స్ చెయ్యి, పరుగు దానంతటదే బాగుపడుతుంది”

పక్కకి పడుకుని మోకాళ్ళు మడిచి పై మోకాలిని తెరిచే వ్యాయామం క్లామ్‌షెల్. యూట్యూబ్ చూసిన ప్రతివాళ్ళకీ తెలుసు. ఈ సలహాలో సగం మంచిదే, అందుకే జాగ్రత్తగా చెప్పాలి. పిరుదులకి బలం కావాలి. కానీ పడుకుని తెచ్చుకున్న బలం పరుగులోకి దానంతటది రాదు. 2011లో రిచర్డ్ విల్లీ, ఐరీన్ డేవిస్ అనే పరిశోధకులు పరుగులో తొడ బాగా లోపలికి వాలే 20 మంది ఆరోగ్యవంతులైన మహిళలను తీసుకున్నారు. సగంమందికి ఆరు వారాలు తుంటి బలానికి, ఒంటికాలి మీద గుంజీ సరిగా తీయడానికి శిక్షణ ఇచ్చారు. బలం పెరిగింది. గుంజీ తీరు బాగుపడింది. పరుగు తీరు మాత్రం మారలేదు.

అంటే బలం ఒక పని, పరుగు నేర్చుకోవడం రెండో పని. అదే ఏడాది డేవిస్ బృందం మరో ప్రయత్నం చేసింది. మోకాలి నొప్పి ఉన్న మహిళలను ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తిస్తూ, వాళ్ళ తుంటి కోణాన్ని ఎదురుగా తెర మీద చూపించింది. ఎనిమిది విడతల్లో తొడ వాలడం తగ్గింది, నొప్పీ తగ్గింది. చూసుకుంటూ సరిచేసుకున్నారు కాబట్టి మారింది.

మనకి ఆ తెరలు లేకపోయినా ఫోను ఉంది. నడుము ఎత్తులో పట్టుకుని వెనక నుంచి పదిహేను సెకన్లు స్లో మోషన్‌లో తీయమని స్నేహితుణ్ణి అడగండి. తర్వాత ఆపి ఆపి చూడండి. కుడి కాలు నేల మీదున్నప్పుడు నిక్కరు నడుము పట్టీ ఎడమ వైపు ఎంత జారింది? మోకాళ్ళ మధ్య వెలుతురు కనబడుతోందా, రెండూ రాసుకుంటున్నాయా? మడమలు దేని వైపు అది పడుతున్నాయా, రెండూ ఒకే గీత మీద పడుతున్నాయా? నొప్పి ఉన్న కాలికీ లేని కాలికీ తేడా ఉందా? మొదటి నిమిషంలో తీసింది చాలదు. అలిసిపోయాక, నొప్పి వచ్చే కిలోమీటరులో మళ్ళీ తీయాలి. అసలు సంగతి అప్పుడు బయటపడుతుంది.

బలం విషయానికొస్తే టోన్లీ బృందం వేసిన మెట్లు అర్థవంతంగా ఉన్నాయి. మొదట పడుకుని చేసేవి: వెల్లకిలా పడుకుని నడుము ఎత్తడం, రబ్బరు బ్యాండుతో తొడ తెరవడం. నాలుగైదు వారాల తర్వాత నిలబడి చేసేవి: బ్యాండు మోకాళ్ళ పైన కట్టుకుని గుంజీలు, పక్కకి అడుగులు. చివరికి ఒంటికాలి పనులు, గెంతులు. వీటిలో నేను అన్నిటికన్నా విలువిచ్చేది మెట్టు దిగడం. మామూలు మెట్టు చాలు. అద్దం ముందు ఒంటికాలి మీద నిలబడి, రెండో మడమని నేలకి తాకించి మళ్ళీ పైకి రావాలి. దిగేటప్పుడు మోకాలు అదే పాదం రెండో వేలి వైపు చూడాలి, నడుము పట్టీ అడ్డంగా ఉండాలి. ఎనిమిదిసార్లు శుభ్రంగా వస్తే తొమ్మిదోది చేయండి. ఐదోసారికే మోకాలు లోపలికి వంగిపోతుంటే ఆ రోజుకి నాలుగే. లెక్క పెంచుకోవాలన్న ఆత్రంలో వంకరగా చేసిన ముప్పైతో వంకర కదలికే అలవాటవుతుంది.

“అడుగు పెద్దదిగా వెయ్యి, టైము కలిసొస్తుంది”

కానిస్టేబుల్ గ్రౌండ్‌లో ఈ కేక వినని రోజుండదు. అడుగు పొడవు పెంచమంటే పిల్లలు కాలు ముందుకి విసురుతారు. మడమ ఒంటికి చాలా ముందు, మోకాలు దాదాపు చాపి ఉండగా నేలని తాకుతుంది. ప్రతి అడుగూ బ్రేకు వేసినట్టవుతుంది. దానికి తోడు తుంటి మడిచి మోకాలు చాపి ఉన్న ఆ క్షణంలో తొడ వెనక కండరమూ దాని పక్కనే ఉన్న సయాటిక్ నరమూ రెండూ పొడవుగా లాగబడి ఉంటాయి, బరువు సరిగ్గా అప్పుడే పడుతుంది. నరం నొప్పి ఉన్నవాళ్ళకి ఇంతకన్నా చెడ్డ పరుగు లేదు.

చేయాల్సింది దీనికి తలకిందులు. వేగం మార్చకుండా నిమిషానికి పడే అడుగుల సంఖ్య కొంచెం పెంచాలి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బ్రయన్ హైడర్‌షైట్ బృందం 2011లో 45 మంది మామూలు పరుగరుల మీద ఇదే కొలిచింది. అడుగుల సంఖ్య 5 నుంచి 10 శాతం పెంచితే తుంటి, మోకాలు మోసే భారం తగ్గింది. 10 శాతం దగ్గర తొడ లోపలికి వాలడం కూడా తగ్గింది. ఒక్క చిన్న మార్పుతో ఇన్ని లాభాలు రావడం అరుదు. అందుకే పరుగు తీరులో ఒక్కటే మార్చగలిగితే ఇదే మార్చమంటాను.

ముందు మీ లెక్క తెలుసుకోండి. మామూలు వేగంతో పరుగెడుతూ కుడి పాదం 30 సెకన్లలో ఎన్నిసార్లు నేలని తాకిందో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 160 వస్తే 168కి వెళ్ళండి, రెండు మూడు వారాలు అక్కడే ఉండండి. ఫోన్లో మెట్రోనోమ్ యాప్ పెట్టుకుంటే టక్ టక్ చప్పుడుకి అడుగు కలపొచ్చు. అడుగులు పెరిగితే వేగం కూడా తెలియకుండానే పెరిగిపోతుంది, అక్కడే చాలామంది దెబ్బతింటారు. గడియారం చూసుకుంటూ కిలోమీటరు టైము పాతదే ఉంచండి.

“అందరికీ 180 ఉండాల్సిందే” అన్న సలహా కూడా దీని వెంటే వస్తుంది. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో జాక్ డేనియల్స్ అనే కోచ్ పోటీదార్ల అడుగులు లెక్కపెట్టారు. 46 మందిలో ఒక్కరికి తప్ప అందరికీ 180 లేదా అంతకన్నా ఎక్కువే ఉన్నాయి. వాళ్ళు ప్రపంచంలోకెల్లా వేగంగా పరుగెడుతున్నవాళ్ళు, పోటీలో ఉన్నవాళ్ళు. పొడవైన కాళ్ళతో నింపాదిగా పరుగెత్తే మనిషి 156 నుంచి ఒక్కసారి 180కి దూకితే పిక్కలు పట్టేస్తాయి. మీ లెక్క మీదే, దానికి 5 శాతం కలుపుకోండి.

మడమలు ఒకే గీత మీద పడేవాళ్ళు పాదాల మధ్య రెండు వేళ్ళంత ఎడం పెంచితే చాలు, తొడ వాలడం తగ్గుతుంది. ట్రాక్ మీద తెల్ల గీత ఉంటే దాని మీద కాకుండా, గీతకి చెరో పక్క పాదాలు పడేలా పరుగెత్తి చూడండి. ఒక పక్కకి వాలిన బీచ్ ఇసుక మీద, రోడ్డు అంచు మీద ఎప్పుడూ ఒకే దిక్కున పరుగెత్తకండి. బాగయ్యేదాకా చదునుగా ఉన్న మట్టి ట్రాక్ మేలు.

“నెల రోజులు మంచం దిగకు” / “నొప్పిని లెక్కచెయ్యకు”

మొదటి మాట ఇంట్లో పెద్దవాళ్ళది, రెండోది గ్రౌండ్‌లో సీనియర్లది. రెండూ తప్పే. నెదర్లాండ్స్‌లో 183 మంది సయాటికా రోగుల మీద చేసిన అధ్యయనం 1999లో వచ్చింది. రెండు వారాలు మంచం మీద ఉన్నవాళ్ళకీ, మామూలుగా తిరుగుతూ చూసుకున్నవాళ్ళకీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. 12 వారాలకి రెండు వైపులా 87 శాతం మంది మెరుగయ్యారు. మంచం వల్ల ఒరిగింది లేదు, కండరం మాత్రం కరిగిపోతుంది.

మరి ఎంత నొప్పితో పరుగెత్తొచ్చు? నేను నమ్మే కొలతలు రెండు. ఒకటి, పరుగులో వచ్చిన నొప్పి స్వల్పంగా ఉండి, మర్నాటి పొద్దుటికి ఎప్పటి స్థాయికి దిగిపోవాలి. రెండు, నొప్పి ఎటు వెళ్తోందో చూడాలి. పిక్కలో ఉన్నది తొడలోకి, తొడలోది పిరుదులోకి పైకి ముడుచుకుంటుంటే మంచి గుర్తు, పిరుదులో కాస్త ఎక్కువైనా కంగారు పడొద్దు. పిరుదులోది పాదం వైపు దిగుతుంటే ఆ రోజుకి ఆపి నడుచుకుంటూ ఇంటికెళ్ళాలి. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. అలా ఇరవై నిమిషాలు, రోజు విడిచి రోజు. రెండు వారాలు సాఫీగా వెళ్తే పరుగు వాటా పెంచుకోవచ్చు. స్పీడు సాధన, దిగుడు రోడ్డు ఆఖర్న.

పోటీ రోజు పొద్దున నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ బిళ్ళ వేసుకుని, లేదా ఇంజెక్షన్ చేయించుకుని దిగే అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. చెమటతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ రకం మందులు మూత్రపిండాలని దెబ్బతీయగలవు. మన ఎండల్లో అది మరీ ప్రమాదం. నరాల బిళ్ళ అని రాసే ప్రీగాబలిన్ సంగతి వేరు. 2017లో ఆస్ట్రేలియాలో 209 మంది సయాటికా రోగుల మీద జరిగిన పరీక్షలో అది ఉత్తుత్తి బిళ్ళ కన్నా కాలి నొప్పిని ఎక్కువ తగ్గించలేదు, కళ్ళు తిరగడం వంటి ఇబ్బందులు మాత్రం ఎక్కువ వచ్చాయి. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు దాన్ని ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరుని అడిగి మెల్లగా తగ్గించుకోవాలి.

“నరం మీద నరం ఎక్కింది, తొక్కించుకో”

నరం మీద నరం ఎక్కదు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుం మీద తన్నించుకుంటే పోతుందన్న నమ్మకం మన ఊళ్ళలో ఇంకా ఉంది. పూసల మధ్య డిస్క్ జరిగి నరాన్ని నొక్కుతున్న మనిషిని తన్నితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పట్నంలో ఇదే పనిని క్రికెట్ బంతి చేస్తోంది. బంతిని పిరుదు కింద పెట్టుకుని, బరువంతా వేసి, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నొక్కుతారు. మసాజ్ గన్‌తో అదే చోట పది నిమిషాలు కొట్టిస్తారు. ఆ కండరం కింద సయాటిక్ నరం ఉంది, ఆ దెబ్బలన్నీ దానికీ తగులుతున్నాయి. నూనె రాసి అరచేత్తో మెల్లగా మర్దనా చేయించుకుంటే హాయిగా ఉంటుంది, చేయించుకోండి. వెనక జేబులో లావాటి పర్సు పెట్టుకుని కూర్చునేవాళ్ళు మాత్రం ముందు దాన్ని తీసేయాలి. పర్సు వల్ల వచ్చే సయాటికా గురించి అమెరికా వైద్య పత్రిక జామా 1978లోనే రాసింది.

“ఎమ్మారైలో డిస్క్ జరిగింది, ఇక జన్మలో పరుగెత్తకు”

ఈ మాట విని పరుగు వదిలేసినవాళ్ళను తలుచుకుంటే బాధేస్తుంది. ఏ నొప్పీ లేనివాళ్ళకి తీసిన స్కాన్‌లను ఒకచోట చేర్చి 2015లో లెక్కేశారు. 20 ఏళ్ళవాళ్ళలో 30 శాతం మందికి, 40 ఏళ్ళవాళ్ళలో సగంమందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. అంటే ఉబ్బు కనబడినంత మాత్రాన మీ నొప్పికి అదే కారణమని తేల్చేయలేం. చేతిలో కాగితం పెట్టుకుని భయపడే ముందు, ఆ కాగితంలో ఉన్న వైపూ పూసా మీ కాలి లక్షణాలతో సరిపోతున్నాయా అని డాక్టరుని అడగండి.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. పిరుదులో నొప్పంటే చాలు, పిరిఫార్మిస్ అని గ్రౌండ్‌లోనే తేల్చేయడం. డిస్క్ వల్ల సయాటికా వస్తుందని మిక్స్టర్, బార్ అనే సర్జన్లు 1934లో చూపించారు. పిరుదులో ఈ కండరం దగ్గర నరం నొక్కుకోవడానికి పిరిఫార్మిస్ సిండ్రోమ్ అన్న పేరు 1947లో వచ్చింది. అది ఎంతమందికి ఉంటుందన్న దాని మీద వైద్యుల మధ్య వాదం ఇప్పటికీ తెగలేదు. పరుగరుల విషయంలో కొన్ని ఆనవాళ్ళు డాక్టరుకి చెబితే చాలా ఉపయోగం. దగ్గినా, తుమ్మినా, వంగినా కాల్లోకి కొడితే నడుము వైపు చూడాలి. నడుములో ఏమీ లేకుండా గట్టి బల్ల మీద కూర్చుంటే పిరుదు లోపల మొదలైతే అక్కడి నరం మీద అనుమానం. సరిగ్గా కూర్చునే ఎముక దగ్గరే నొప్పయితే తొడ వెనక కండరపు మొదలు అయ్యుండొచ్చు. తొడ బయటి వైపు చర్మం మాత్రమే మండుతూ మొద్దుబారుతుంటే బిగుతు బెల్టో, నీళ్ళ సీసా పెట్టుకునే పరుగు బెల్టో వదులు చేసి చూడండి, అక్కడ నొక్కుకునేది వేరే నరం. గజ్జలో నొప్పి వచ్చి ఒంటికాలి మీద గెంతలేకపోతే పరుగు వెంటనే ఆపాలి, తొడ ఎముక మెడలో సన్నని పగులు ఉండొచ్చు. రెండు పాదాలూ ఒకేలా తిమ్మిరెక్కుతుంటే షుగర్ పరీక్ష చేయించుకోవాలి.

కొన్ని లక్షణాలకి వ్యాయామమూ వద్దు, రేపు చూద్దామనడమూ వద్దు. మల మూత్ర ద్వారాల చుట్టూ, తొడల లోపలి వైపు స్పర్శ తగ్గడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, పాదం పైకి లేవక నేలకి ఈడ్చుకుపోవడం, బలహీనత రోజురోజుకీ పెరగడం, రెండు కాళ్ళకీ ఒకేసారి పాకడం. వీటిలో ఏది కనిపించినా ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. ఎమ్మారై అప్పుడు తప్పనిసరి, గంటలు కూడా లెక్కలోకొస్తాయి. నొప్పికి జ్వరమో, కారణం తెలియకుండా బరువు తగ్గడమో తోడైతే కూడా ఆలస్యం చేయొద్దు.

గ్రౌండ్‌లలో శిక్షణ ఇచ్చే కోచ్‌లకి, సీనియర్లకి ఒక విన్నపం. పిల్లలు మీ మాటని డాక్టరు మాట కన్నా ఎక్కువ నమ్ముతారు. పిరుదులో లాగుతోందని ఎవరైనా వస్తే సాగదీయమని చెప్పే ముందు వెనక నుంచి ఒక్క వీడియో తీసి చూడండి. అడుగుల లెక్క రాసుకోండి. పరీక్ష తేదీ ఎంత దగ్గర్లో ఉన్నా సరే, కాలు మొద్దుబారిందని చెప్పిన పిల్లల్ని ఆ రోజు పరుగెత్తించకండి.